లెక్కలు వదలకండి: అర్థశాస్త్రం డిగ్రీలో చేరడానికి, గట్టెక్కడానికి కావలసినవి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆజ్ఞాపించారు. విద్య గొప్పది, అందరూ చదవాలి అని చెప్పి కూర్చుంటే చప్పట్లు వస్తాయి గాని, ఇంటికి పట్టుకెళ్లడానికి ఎవరికీ ఏమీ వుండదు. కనుక మేము ఒక్క డిగ్రీని ఎంచుకున్నాము. లెక్కలతో కూడిన అర్థశాస్త్రం డిగ్రీ. అందులో చేరాలంటే ఏం కావాలి, చేరినవాళ్లు పట్టా పుచ్చుకోవాలంటే ఏమేమి పూర్తి చెయ్యాలి, ఈ రెండు విషయాలే మనవి చేస్తాము. ఇంత చిన్న విషయం ఎందుకు ఎత్తుకున్నామంటే, ఆ డిగ్రీ తలుపు పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. మూసుకున్న చప్పుడు కూడా మనకు వినపడదు.

అర్థశాస్త్రానికి లెక్కలతో పనేమిటి?

అర్థశాస్త్రమంటే చాలామందికి పాఠం బట్టీపట్టి పేజీలు నింపే సబ్జెక్టు. మన ఇళ్లల్లో దాన్ని మఆషియాత్ అంటాము. అల్లామా ఇక్బాల్ కవిగా అందరికీ తెలుసు. ఆయన 1904లోనే అర్థశాస్త్రం మీద ఉర్దూలో 'ఇల్ముల్ ఇక్తిసాద్' అనే పుస్తకం రాశారని కొద్దిమందికే తెలుసు. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు బోధనంతా ఉర్దూలోనే జరిగింది, అర్థశాస్త్రం కూడా. కాబట్టి ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు. అయితే ఆనాటి శాస్త్రానికీ ఈనాటి శాస్త్రానికీ ఒక పెద్ద తేడా వచ్చింది. ఈనాటి అర్థశాస్త్రం గణితం భాషలో మాట్లాడుతుంది.

ఉదాహరణకు మన బజారునే తీసుకుందాము. ఇవి మేము ఊహించి వేసిన అంకెలు. ఒకాయన కొబ్బరిబొండం 40 రూపాయలకు అమ్మితే రోజుకు 100 పోతాయి అనుకోండి. వచ్చేది 4,000. ధర 45 చేస్తే 92 పోయాయి. వచ్చింది 4,140. ధర 50 చేస్తే 75 మాత్రమే పోయాయి. వచ్చింది 3,750. ధర పెంచితే రాబడి కొంతవరకు పెరిగింది, ఆ తరువాత పడిపోయింది. ఎక్కడ ఆగాలి? వ్యాపారి అనుభవంతో పట్టుకుంటాడు. అర్థశాస్త్రం చదివిన పిల్లవాడు ధరకూ అమ్మకానికీ మధ్య సంబంధాన్ని సమీకరణంగా రాసి, రాబడి శిఖరం ఎక్కడో కలనగణితంతో తేలుస్తాడు. బొండాల బండికి ఇంత అక్కరలేదు, నిజమే. ధాన్యం మద్దతు ధర, రొయ్యల ఎగుమతి మీద సుంకం, బ్యాంకు వడ్డీ రేటు నిర్ణయించేచోట మాత్రం ఇదే లెక్క కోట్ల కుటుంబాల మీద పడుతుంది.

అర్థశాస్త్రానికి నోబెల్ బహుమతి ఇవ్వడం 1969లో మొదలుపెట్టారు. ఆ మొదటి బహుమతి పొందిన ఇద్దరూ, నార్వేకు చెందిన ఫ్రిష్, హాలండుకు చెందిన టిన్‌బెర్గెన్, ఆర్థిక విషయాలను గణితంతో, గణాంకాలతో కొలిచినవారే. మన సంగతికి వస్తే, దేశంలో ముస్లింల స్థితిగతుల మీద సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం వుండగా ముస్లింలలో 59.1 శాతమే వుందని అందులో చూపించారు. ఆ కమిటీ సభ్య కార్యదర్శి అబూసాలెహ్ షరీఫ్ గారు అర్థశాస్త్రవేత్త. అంతకుముందు ఎందరు ఎన్ని సభల్లో మొరపెట్టుకున్నా రాని కదలిక ఆ అంకెల పట్టికలతో వచ్చింది. మన బాధను మనమే చెప్పుకుంటే ఫిర్యాదు అంటారు. అదే లెక్కగట్టి చూపిస్తే జవాబు చెప్పక తప్పదు. ఆ లెక్క కట్టగలిగినవారు మన పిల్లల్లో ఎందరున్నారు?

చేరడానికి కావలసినవి

ఇప్పుడు అసలు విషయం. పదో తరగతి తరువాత ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి? ఎం.పి.సి.లో గణితం వుంది, అర్థశాస్త్రం లేదు. ఎం.ఇ.సి.లో గణితం, అర్థశాస్త్రం రెండూ వున్నాయి. సి.ఇ.సి.లో, హెచ్.ఇ.సి.లో అర్థశాస్త్రం వుంది, గణితం లేదు.

ఇక ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఎ. ఆనర్స్ అర్థశాస్త్రం తీసుకోండి. 2022 నుంచి అక్కడ ప్రవేశాలు సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్ష ద్వారా జరుగుతున్నాయి. ఈ డిగ్రీ కోరేవారు ఆ పరీక్షలో ఒక భాష, గణితం, ఇంకో రెండు సబ్జెక్టులు రాయాలి. గణితం తప్పనిసరి. రాసే సబ్జెక్టులు పన్నెండో తరగతిలో చదివినవై వుండాలి. ఇందులోని విచిత్రం గమనించండి. ఎం.పి.సి. చదివి అర్థశాస్త్రం పుస్తకం తెరవని పిల్లవాడు ఈ డిగ్రీకి అర్హుడు. సి.ఇ.సి.లో అర్థశాస్త్రానికి నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల అర్హురాలు కాదు. అన్యాయంగా తోస్తుంది గదా! వాళ్ల వాదన ఏమిటంటే, అర్థశాస్త్రం మేము మొదటినుంచీ నేర్పుకుంటాము, గణితం పునాది మాత్రం మీరు వేసుకొని రండి అని.

ఇతర చోట్లా ఇంతే. కలకత్తాలో మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.స్టాట్. చేరాలంటే ఇంటర్‌లో గణితం వుండాలి. అక్కడే పరిమాణాత్మక అర్థశాస్త్రంలో ఎం.ఎస్. చెయ్యాలన్నా, డిగ్రీతో పాటు ఇంటర్ స్థాయి గణితం అడుగుతారు. అంటే పదహారో ఏట వదిలేసిన సబ్జెక్టు ఇరవై ఒకటో ఏట మళ్లీ ఎదురు నిలబడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చదివిన సి.ఆర్. రావు గారు ఆ కలకత్తా సంస్థకే వెళ్లి ప్రపంచం మెచ్చిన గణాంకశాస్త్రవేత్త అయ్యారు. 2023లో, నూటరెండేళ్ల వయసులో, ఆ శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి అందుకొని, అదే సంవత్సరం కన్నుమూశారు. కాన్పూరు, బొంబాయి ఐ.ఐ.టి.లలో అర్థశాస్త్రంలో నాలుగేళ్ల బి.ఎస్. వుంది. దానికి ఇంజనీరింగు పిల్లలు రాసే జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్షే రాయాలి.

అంత దూరం పంపలేము మాస్టారూ అనేవారికి మన ఊళ్లోనూ దారి వుంది. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల 1853 నాటిది. నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు 2020 నుంచి ఆన్‌లైన్ ద్వారా జరుగుతున్నాయి. 2023-24లో ఒక మేజరు, దానికి తోడు ఒక మైనరు అనే పద్ధతి తెచ్చారు. అర్థశాస్త్రం ముఖ్యంగా తీసుకునేవారు తోడుగా గణితమో, గణాంకశాస్త్రమో దొరికే కళాశాల చూసుకోవాలి. ఏ కళాశాలలో ఏ జోడీ వుందో ఆ యేటి ప్రకటన చదివి, కళాశాలకు స్వయంగా వెళ్లి అడగండి. పక్కింటివారి మాట మీద ఆప్షన్లు పెట్టకండి.

గట్టెక్కడానికి కావలసినవి

చేరడం సగం పని. పట్టా చేతికి రావడం మిగతా సగం.

యు.జి.సి. 2022 డిసెంబరులో ఇచ్చిన పద్ధతి ప్రకారం డిగ్రీని క్రెడిట్లతో కొలుస్తారు. పదిహేను గంటల పాఠానికి ఒక క్రెడిట్. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. లెక్క వేస్తే మూడేళ్లకు 1,800 గంటల పాఠం అవుతుంది. ఇది కనీసం మాత్రమే, ఢిల్లీలో ఇంతకంటే ఎక్కువ అడుగుతారు. నాలుగో యేడు పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలనుకునేవారికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి.

ఆ గంటల్లో ఏం చదువుతారు? ఢిల్లీ పాఠ్యక్రమంలో మొదటి సెమిస్టరులోనే మూడు ముఖ్యమైన పేపర్లు వుంటాయి. సూక్ష్మ అర్థశాస్త్రం, అర్థశాస్త్రానికి గణిత పద్ధతులు, అర్థశాస్త్రానికి గణాంకశాస్త్రం. రెండో సెమిస్టరులో స్థూల అర్థశాస్త్రం వస్తుంది, గణితం, గణాంకాలు ఇంకో మెట్టు ఎక్కుతాయి. ఆ పైన ఎకనామెట్రిక్స్. అంటే వాస్తవంగా సేకరించిన అంకెలను తీసుకొని, ఇది జరిగినందువల్లే అది జరిగిందా, లేక రెండూ కాకతాళీయమా అని పరీక్షించే విద్య. ఇలా మొదటి యేడాదిలో సగానికి పైగా ముఖ్య పేపర్లు లెక్కలే. ఇంటర్‌లో గణితం ఎందుకు అడుగుతున్నారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇదే పద్ధతిలో ఇంకో నియమం వుంది. దీన్ని ముఖ్యంగా అమ్మలు వినాలి. మొదటి యేడు 40 క్రెడిట్లు, దానితో పాటు వేసవిలో 4 క్రెడిట్ల పని అనుభవం పూర్తి చేసి ఆగిపోయినవారికి సర్టిఫికెట్ ఇస్తారు. రెండేళ్లు ఇలాగే చేస్తే డిప్లొమా. ఆగిపోయినవారు మూడేళ్లలోపు తిరిగి చేరవచ్చు. మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించవచ్చు. మన ఇళ్లల్లో డిగ్రీ మధ్యలో నిఖా కుదిరిన ఆడపిల్లలు ఎందరో వున్నారు. పెళ్లితో చదువు ఆగింది అంటాము. రూలు ప్రకారం అది ఆగినట్టు కాదు, నిలిపి వుంచినట్టు. సంపాదించిన క్రెడిట్లు ఖాతాలో వుంటాయి. మాట ఖాయం చేసుకునే రోజున మహరు గురించి, కట్నకానుకల గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాము. మా అమ్మాయికి ఇంకా ఇన్ని క్రెడిట్లు మిగిలివున్నాయి, ఫలానా సంవత్సరంలోగా పూర్తి చేయించాలి అని ఒక్క మాట కూడా ఆ రోజే అనుకుంటే తప్పేమిటి?

మన పిల్లలకు అడ్డొచ్చే మూడు విషయాలు

మొదటిది భయం. మేము ఎరిగిన ఒక కుటుంబంలో అమ్మాయి పదో తరగతిలో లెక్కలు బాగా చేసేది. చిన్నాన్న కూతురు ఎక్కడ చేరితే ఈ పిల్లనూ అక్కడే చేర్చారు, ఆటో ఖర్చు కలిసొస్తుందని. ఆ కాలేజీలో సి.ఇ.సి. మాత్రమే వుంది. రెండేళ్ల తరువాత ఆ పిల్ల అర్థశాస్త్రం ఆనర్స్ గురించి తెలుసుకొని అడిగితే, గణితం లేదు గనుక కుదరదన్నారు. బి.కాం.లో చేరింది, బాగానే చదువుతోంది. బి.కాం. తక్కువదని మేము అనడం లేదు. కాని ఆ పిల్ల దారిని నిర్ణయించింది ఆటో కిరాయి. తెలివితేటలు లెక్కలోకే రాలేదు. ఇలా చిక్కుకున్నవారికి ఒక ఉపాయం వుంది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో ఇంటర్ స్థాయి గణితం ఒక్కటే విడిగా రాసే వీలుంది. అలా రాసినదాన్ని తాను చేరదలచిన విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లేదో ముందుగా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

లెక్కల్లో ఫెయిలైతే రెండేళ్లు పోతాయి గదా అని తండ్రులు అడుగుతారు. ఆ భయం ఉత్తది కాదు. లెక్కలంటే బొత్తిగా ఇష్టం లేని పిల్లను కూర్చోబెట్టి రుద్దమని మేము చెప్పము. కాని పదో తరగతి వరకు చక్కగా చేసిన పిల్లను, ఇంటర్ లెక్కలు మగపిల్లలకే అని, షాపు చూసుకునేవాడికి ఎందుకని మాన్పించడం వేరు.

రెండోది భాష. మా బడిలో త్రిభుజాన్ని ముసల్లస్ అంటాము, కోణాన్ని జావియా అంటాము, సగటును ఔసత్ అంటాము. ఇంటర్‌లోకి వెళ్లేసరికి ట్రయాంగిల్, యాంగిల్, ఏవరేజ్. పక్క పిల్లలతో మాట్లాడితే త్రిభుజం, కోణం, సగటు. పిల్లవాడికి లెక్క వచ్చు, పేరు రాదు. మొదటి మూడు నెలలు నోరు మెదపకుండా కూర్చుంటాడు. ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు రావని లోకం తీర్పు చెప్పేస్తుంది. ఆల్జీబ్రా అనే మాటే అల్‌జబ్ర్ నుంచి వచ్చిందని ఎవరూ గుర్తు చెయ్యరు. మూడు భాషల్లో ఓ రెండు వందల మాటలు పట్టిక వేసి వేసవిలో నేర్పితే ఈ గండం గడుస్తుంది. సి.యు.ఇ.టి. పరీక్షను ఉర్దూతో, తెలుగుతో సహా పదమూడు భాషల్లో రాయవచ్చు. చేరాక పాఠాలు ఇంగ్లీషులోనే వుంటాయి కాబట్టి దానికీ ముందునుంచే సిద్ధపడాలి.

మూడోది కాగితాలు. మన రాష్ట్రంలో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ 2007 నుంచి వుంది. ఆ సర్టిఫికెట్ చేతిలో వుంటే ఢిల్లీలోనూ, ఐ.ఐ.టి.లోనూ చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడ చూసేది కేంద్రం ఓ.బి.సి. జాబితా. అది వేరు. తమ వర్గం అందులో వుందో లేదో ముందు చూసుకోవాలి. లేనివారికి ఆదాయ పరిమితి సరిపోతే, 2019లో వచ్చిన ఇ.డబ్ల్యు.ఎస్. కోటా వర్తించవచ్చు. ఈ కాగితాలు దరఖాస్తు చివరి రోజున తహసీలుదారు కార్యాలయం మెట్లెక్కితే దొరికేవి కావు. పన్నెండో తరగతి మధ్యలోనే మొదలుపెట్టాలి.

చదివితే ఏమొస్తుంది?

ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు. కేంద్ర ప్రభుత్వంలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసరు ఉద్యోగానికి డిగ్రీతో పాటు ఇంటర్ గణితంలో 60 శాతం మార్కులు గాని, డిగ్రీలో గణాంకశాస్త్రం ఒక సబ్జెక్టుగా గాని వుండాలి. యు.పి.ఎస్.సి. నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు గణాంకశాస్త్రం వున్న డిగ్రీ చాలు. ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు అర్థశాస్త్రంలో ఎం.ఎ. కావాలి. బ్యాంకులు, బీమా సంస్థలు, సర్వే సంస్థలు అంకెలు చదవగలిగినవారిని తీసుకుంటాయి. చేరిన ప్రతివారికీ ఉద్యోగం ఖాయమని మేము మాట ఇవ్వలేము. గణితం వుంచుకున్నవారికి మాత్రం ఈ దారులన్నీ తెరిచి వుంటాయి. వదిలినవారికి చాలా భాగం మూసుకుంటాయి. గణితం చదివినవాడు తరువాత కామర్సుకు గాని, చరిత్రకు గాని మారవచ్చు. అటునుంచి ఇటు రావడమే కష్టం.

సంఘానికి మా మనవి

పెద్దలారా, మన సంఘం ఏటా పుస్తకాలు పంచుతోంది, ఫీజులకు సాయం చేస్తోంది. అది కొనసాగాలి. దానితో పాటు ఖర్చు తక్కువైన మూడు పనులు చెయ్యమని కోరుతున్నాము. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే, కాలేజీల ఏజెంట్లు ఇళ్లకు రాకముందే, తల్లిదండ్రులను పిల్లలతో సహా ఒక ఆదివారం ఇక్కడ కూర్చోబెట్టాలి. ఏ గ్రూపు ఏ తలుపు తెరుస్తుంది, ఏది మూస్తుంది అన్నది ఒక్క కాగితం మీద రాసి చేతికివ్వాలి. రెండోది, ఆ వేసవిలోనే నెల రోజులు మూడు భాషల్లో గణిత పదాల తరగతి నడపాలి. దానికి మేము, మాతోటి ఉపాధ్యాయులు ఇద్దరు జీతం లేకుండా వస్తాము. మూడోది, చదువు మధ్యలో ఆపిన ఆడపిల్లల పేర్లు, వాళ్లకు ఇంకా మిగిలిన క్రెడిట్లు, గడువు సంవత్సరం ఒక రిజిస్టరులో రాసి వుంచాలి. ఆ గడువు దాటకముందు సంఘం తరఫున ఒకరు ఆ ఇంటి తలుపు తట్టాలి.

పిల్లలూ, మీకు ఒక్క మాట. లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చెయ్యవచ్చు. లెక్కల పుస్తకమే అటక మీద పెట్టేస్తే మళ్లీ చెయ్యడానికి ఏమీ మిగలదు. ఈ సంవత్సరం పదో తరగతి రాస్తున్నవారు సభ ముగిశాక మా దగ్గరకు వచ్చి పేరు, ఏ ఊరో, ఏ గ్రూపు అనుకుంటున్నారో చెప్పి వెళ్లండి. కాగితం, పెన్ను మా దగ్గర వున్నాయి. అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకొని రండి.